పన్నెండు వోల్టుల మీగడ

జడలబర్రె పాలు గోరువెచ్చగా ఉండగానే తిప్పాలి.
చల్లారాయా, మొండికేస్తాయి,
మీగడని వదలవు.

మా యంత్రానికి ఒకప్పుడు చేతిపిడి ఉండేది,
పిడిలో చిన్న గంట.
మెల్లగా తిప్పితే ణంగు ణంగుమని సణిగేది.
నిమిషానికి అరవై చుట్లు దాటేదాకా సణిగి
అప్పుడు నోరు మూసేది.
మా అత్త త్సెవెల్మా చెప్పేది:
"గంట ఊరుకున్నాకే కుళాయి విప్పు.
ముందే విప్పావా, మీగడంతా దూడల పాలు."

మూడు చలికాలాల కిందట బజర్‌సాద్
పాత రష్యా వ్యాను నుంచి అద్దం తుడిచే మోటారు ఊడదీసి
పిడి ఉన్నచోట బిగించాడు.
రెండు తీగలు, ఒక బ్యాటరీ,
ఉన్ని గుడారం పక్కన సోలారు పలక.
పిడి గోడకెక్కింది, గంటతో సహా.
నా భుజం నొప్పి తగ్గింది, అబద్ధమెందుకు.
ఎండ కాస్తే మోటారు కూనిరాగం తీసేది.
ఒక ముక్కు నుంచి నీలి ఛాయ పలచటి పాలు,
రెండో ముక్కు నుంచి మీగడ
పచ్చటి దారంలా, తెగకుండా.

ఇవాళ్టికి మూడు రోజులు ముసురు.
ఖంగాయ్ కొండలు కనబడటం మానేశాయి.
పన్నెండు దగ్గర నిలబడాల్సిన మీటరు ముల్లు
పది మీద మోకాలు ఆనించింది.

సరిగ్గా ఇవాళే నాదం పండగ కుస్తీలు.
టీవీ మా దగ్గరే ఉంది కనుక
మూడు గుడారాల మగాళ్లు మా మంచాల మీదే,
బురద బూట్లు విప్పని లువ్సన్‌దోర్జ్ ముసలాయనతో సహా.
మూలన ఎవరిదో ఫోను, నెత్తిన బల్బు, ఎదురుగా టీవీ,
తలుపు పక్కన నా మోటారు.
ఒక్క పొదుగు, నాలుగు దూడలు.

రాగం దిగిపోయింది.
గిన్నె తిరుగుతూనే ఉంది, చూసేవాళ్లకి తేడా తెలీదు.
రెండు ముక్కుల్లోంచీ ఒకటే రంగు.
వేలు ముంచి చూశాను,
నాలుకకి జిడ్డు అంటలేదు.

పూర్తిగా ఆగిపోయినా బాగుండేది.
ఆగినదాన్ని ఎవరో ఒకరు బాగుచేస్తారు.
సగం వేగంతో తిరిగేదాన్ని చూసి
"తిరుగుతోందిగా" అంటారు.
బజర్‌సాద్ అన్నదీ అదే,
తెర మీంచి చూపు తిప్పకుండా.

అత్తకి చెవులు పోయి నాలుగేళ్లు.
యంత్రం మీద అరచెయ్యి ఆనించింది,
దూడకి జ్వరం చూసినట్టు.
తర్వాత లేచి, ఎవర్నీ అడక్కుండా,
టీవీ తీగ పట్టుకుని లాగేసింది.

ఇద్దరు వస్తాదులు భుజాలు పట్టుకుని ఉన్నారప్పుడు.
వాళ్లలో ఎవరు పడ్డారో మాకు ఇప్పటికీ తెలీదు.
ఒకటే కేకలు. గుడారం కర్రలు అదిరాయి.
అత్తకి వినబడలేదు,
వినబడనట్టు ఉండటమూ ఆమెకి బాగా వచ్చు.

మోటారు కాస్త పుంజుకుంది. కాస్తే.
మీగడ రాలేదు,
వద్దామా అని ఆలోచించింది.

అప్పుడు లువ్సన్‌దోర్జ్ లేచాడు, గోడ మీది పిడి దించాడు.
కుస్తీ పోయిన కసి చేతుల్లో ఉంది ఆయనకి.
మరలు విప్పి మోటారుని పక్కన పడుకోబెట్టాడు.
నేను పాలు మళ్లీ పిడకల మంట మీద పెట్టి దించాను.
"గంట నోరు ముందుగా ఎవడు మూయిస్తాడో చూద్దాం రండిరా!"

వంతులేసుకున్నారు. బజర్‌సాద్ చొక్కా విప్పాడు.
ణంగు. ణంగు. ణంగు.
పందెం ఒక గొర్రెపిల్ల దాకా వెళ్లింది.
ఐదేళ్ల నా కూతురు ఒయున్‌దరి
ఆ గంట పనిచేయగా ఎప్పుడూ వినలేదు,
నోరు తెరుచుకుని నిలబడింది.

ఉన్నట్టుండి గంట ఆగింది.
అత్త అరచెయ్యి యంత్రం మీదే ఉంది.
నావైపు చూసి తలూపింది.

"అయ్యో, పాడైపోయిందా అమ్మా?" అంది పిల్ల.

నేను కుళాయి విప్పాను.